జాంబీలకు చలువ చొక్కాలు

ఆ పొద్దున తెనాలి ఫరూక్ చేతిలో ఉన్న ఆస్తి అంతా చిరిగిన తెల్ల చొక్కాలే. బట్టల వ్యాపారి ఎవరికైనా చిరుగు నష్టం. ఫరూక్‌కు మాత్రం చిరుగే లాభం. ఏళ్ల తరబడి టీవీలో సాగుతున్న ‘చావని ఊరు’ అనే జాంబీల సీరియల్‌కు బట్టలు ఇచ్చేది అతనే. ఎవరూ కొనని చొక్కాలు టోకున తెచ్చి, బ్లేడుతో చీల్చి, రక్తం బదులు గులాబీ షర్బతు చల్లి మూటలు కట్టేవాడు. తెల్లటి గుడ్డ మీదైతే రక్తం బాగా కనబడుతుంది. చీమలు పడతాయన్నది నిజమే కానీ, శవానికి చీమలు పట్టాయని ఎవడు తప్పుబడతాడు?

చిక్కల్లా సీరియల్‌తోనే వచ్చింది. మొదట్లో అది వచ్చే వేళకు వీధిలో తలుపులు గడియ పడేవి. ఇప్పుడు ఫరూక్ తల్లి గౌస్ బీ దాని ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"వాళ్లు వస్తారు, వీళ్లు పరిగెడతారు. పట్టుకున్నదీ లేదు, తప్పించుకున్నదీ లేదు. కుక్కల బండివాళ్లే నయం, అప్పుడప్పుడూ ఒకదాన్నైనా పడతారు" అని ఆవిడ తీర్పు.

చంపడానికి పాత్రలు మిగలక, చచ్చినవాళ్లనే లేపి మళ్లీ చంపుతున్నారు. అయినా ఫరూక్ ధైర్యం చేశాడు. ఇన్నేళ్లు సాగింది ఇంకో రెండేళ్లు సాగదా అనుకుని, ఇంటి వెనక గది నిండా సరుకు చించి పెట్టాడు. సీరియల్ ఆగితే ఆ చిరుగులు కొనేవాడు లోకంలో లేడు.

ఆ పొద్దున ఒక మూట తీసుకుని రేపల్లె రైలెక్కాలని అతని ఆలోచన. చెప్పుల్లో కాళ్లు పెడుతుండగా డైరెక్టర్ శ్రీవత్స ఫోన్ చేశాడు.

"ఈ వారం షూటింగ్ లేదండి. కథ దొరకలేదు."

సరేనని ఫరూక్ మూటను వరండాలో బెంచీ మీద పడేసి, ఇల్లు మారుతున్న చెల్లెలు సుమయాకు సాయం చేయడానికి బాపట్ల వెళ్లిపోయాడు. తప్పు అక్కడే జరిగింది.

ఆ బెంచీ అతని తండ్రి బడే సాహెబ్‌ది. ఒకప్పుడు తెనాలిలో రఫూ అంటే ఆయనే. చిరిగిన గుడ్డ అంచులోంచే పోగులు లాగి, అదే నేతలో అల్లి, చిరుగు జాడ లేకుండా చేసేవాడు. చిరిగితే పారేసే కాలం వచ్చి ఆ పని పోయింది, బెంచీ మిగిలింది. దాని మీద ఏది పెట్టినా రఫూకు వచ్చినట్టే. అది ఆ ఇంట్లో నియమం, ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. పైగా రఫూ చేసేవాడి కొడుకు చించి బతుకుతున్నాడని చెప్పలేక, చొక్కాలు షూటింగులోనే చిరుగుతాయని ఫరూక్ తండ్రిని నమ్మించాడు.

బడే సాహెబ్ మూట విప్పి చూసి, "ఎన్నాళ్లకు పని తెచ్చాడు నా కొడుకు" అని కళ్లు తుడుచుకుని సూది వెతుక్కున్నాడు.

వారం తర్వాత ఫరూక్ తిరిగొచ్చేసరికి మూట అదే దుప్పటిలో, అదే బెంచీ మీద ఉంది. పక్కన తండ్రి పెళ్లిళ్లకు వేసుకునే కోటు తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు.

"ఎక్కడికి అబ్బా?"

"నీతోనే. మూట విప్పేటప్పుడు నేనక్కడ ఉండాలి."

ముసలాయనకు షూటింగ్ సరదా పుట్టిందనుకున్నాడు ఫరూక్. ఇద్దరూ రేపల్లెలో రైలు దిగి, ఆటోలో నిజాంపట్నం దాటాక ఉన్న ఒక పల్లెపాలెం చేరారు. అక్కడ సీమోను మనుషులతో ఎదురుచూస్తున్నాడు. అతను రేపల్లెలో ఆటో తోలతాడు, మొదటి సీజన్ నుంచీ జాంబీ. ఆతృతగా మూట విప్పింది అతనే.

లోపల చొక్కాలు గంజి పెట్టి, ఇస్త్రీ మడతల్లో తళతళలాడుతున్నాయి.

"ఇవేంటి భాయ్? మేం చచ్చామా, పెళ్లికెళ్తున్నామా?" అన్నాడు సీమోను.

శ్రీవత్స ఒక చొక్కా తిరగేసి మరగేసి చూశాడు. "రక్తమేదండీ? చిరుగులేవండీ?"

"వెతుకు బాబూ, వెతుకు!" వెనకనుంచి బడే సాహెబ్ ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని అన్నాడు. "ఒక్కటి దొరికినా నా చెవి కోసిస్తా. మరకలన్నీ మా ఆవిడ నిమ్మకాయతో వదలగొట్టింది. గంజి నా ఆలోచన."

శ్రీవత్స కత్తెర తెచ్చి ఫరూక్ చేతిలో పెట్టాడు. ఫరూక్ ఒక చొక్కా అందుకున్నాడు. తండ్రి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"కాలర్ దగ్గర దారం మిగిలిందా బేటా? చూసి కత్తిరించు."

ఫరూక్ కోయలేక కత్తెర పక్కన పెట్టేశాడు. "సార్, దూరం నుంచి తీయండి. దూరం నుంచి చూస్తే అందరూ ఒకటే" అన్నాడు ఫరూక్ నీరసంగా.

హీరోయిన్ సాయంత్రం బండికి వెళ్లిపోవాలి. ఈ భాగం జనానికి ఎక్కకపోతే సీరియల్ మూసేస్తామని చానల్ చెప్పేసింది. గత్యంతరం లేక శ్రీవత్స కెమెరాను ఐసు ఫ్యాక్టరీ డాబా ఎక్కించాడు. దూరానికి మేకప్ దండగని జాంబీల మొహాలకు పౌడరు మాత్రం కొట్టించాడు.

"ఒక్క మాట మాట్లాడినా కూలి లేదు. మూలగండి, చాలు!"

ఒకప్పుడు షూటింగంటే జనాన్ని ఆపడానికి మోకులు కట్టేవాళ్లు. ఇప్పుడు చూసే దిక్కు లేదు కనుక పాలెంలో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అలా వీధి మొదట్లో తెల్ల చలువ చొక్కాలు బయలుదేరాయి. పౌడరు మొహాలు, ముందుకు చాచిన చేతులు, ఎవరినీ చూడని కళ్లు, కాలు ఈడ్చే నడక. ఖాళీ బిందెతో ఎదురొచ్చిన కమలమ్మ ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి కేకేసింది.

"ఒసేయ్, రండే! ఎలక్షన్లు వచ్చినట్టున్నాయి!"

ఇంటికో బిందె బయటికొచ్చింది. కమలమ్మ సీమోనుకు అడ్డం నిలబడింది.

"ఏమయ్యా, కుళాయి వేస్తామన్నారుగా, ఏదీ?"

కూలి గుర్తొచ్చి సీమోను "ఊఁ..." అని మూలిగాడు.

"పోయినసారీ ఇదే అన్నారు! ఊఁ అంటే ఎప్పుడయ్యా?" కమలమ్మ అతని కాలర్ పట్టుకుని గుంజింది. గుడ్డ ఇసుమంతైనా కదల్లేదు.

"లాగమ్మా, గట్టిగా లాగు! ఏం కాదు!" అని దూరంగా కుర్చీలోంచి బడే సాహెబ్ ఉత్సాహపరిచాడు.

పైనుంచి పెద్దలొచ్చారని ఎవరో చెబితే, అక్కడి చోటా నాయకుడు వెంకటరత్నం మోటారు సైకిల్ మీద దండతో వచ్చి పడ్డాడు. దండ సీమోను మెడలో వేసి చేతులు కట్టుకున్నాడు.

"నాకొక ముక్క చెప్పకుండా వచ్చేశారేంటండి?"

"ఊఁ..."

"అర్థమైందండి. సాయంత్రానికి ట్యాంకరు, నెల తిరక్కుండా కుళాయి. నా మీద కోపం పెట్టుకోకండి."

"ఇంతమంది ఊఁ అంటే గానీ కదల్లేదన్నమాట నువ్వు!" అని కమలమ్మ బిందె ఎత్తింది. అది తన నెత్తిన పడుతుందనుకున్న సీమోను ఆవిడను తప్పించుకుని ముందుకు పరుగు లంకించుకున్నాడు. అతని వెనక జాంబీలు, వాళ్ల వెనక బిందెలు. వీధి చివర వాళ్లను నరకడానికి కత్తితో నిలబడ్డ హీరోయిన్ వీపు వెనకే జాంబీలంతా దాక్కున్నారు. డాబా మీద శ్రీవత్స కట్ చెప్పడం మరిచి అదంతా తీయించేశాడు. హీరోయిన్ బండి వేళైంది, మళ్లీ తీసే వీల్లేక అదే చానల్‌కు పంపాడు.

ఆ భాగం వచ్చిన రోజు గౌస్ బీ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. వీధంతా పగలబడి నవ్వింది. ఫరూక్ మనసులో ఇంకో రెండు సీజన్లు ఖాయం చేసుకున్నాడు. అంతలో ఫోన్ మోగింది.

"అందరూ చూశారండి," అన్నాడు శ్రీవత్స. "అందరూ నవ్వారండి. భయపెట్టే సీరియల్‌కు జనం నవ్వితే ఇంకేం మిగిలిందని చానల్ వాళ్లు ఆపేశారండి."

ఫరూక్ కాళ్లీడ్చుకుంటూ వెనక గది తలుపు తీశాడు. లోపల నేల నుంచి కప్పు దాకా చలువ చొక్కాల దొంతరలు. ఒక్క చిరుగు లేదు.

"నువ్వు బాపట్లలో ఉండగానే బెంచీ మీదివి అయిపోయాయి, చేతులు ఊరుకోలేదు. మొయినుద్దీన్ వాళ్లనీ పిలిచాను, పాత పనివాళ్లేగా." తండ్రి గుమ్మంలో నిలబడ్డాడు. "ఒక్క మాట బేటా. అవి షూటింగు చిరుగులు కావు. బ్లేడువి."

ఫరూక్ దొంతరలో పై చొక్కా మడత సర్దాడు.

"ఎవడు కోశాడో గానీ, తిన్నగా కోశాడు. అల్లడం తేలికైంది" అని బడే సాహెబ్ అతని భుజం తట్టి వెళ్లిపోయాడు.

మరుసటి వారం వెంకటరత్నం ఆ చొక్కాలు ఎవరివో ఆరా తీసి, వెతుక్కుంటూ తెనాలి వచ్చాడు. "ఆ రోజు పెద్దలు వేసుకున్న రకమేనండి. అంత లాగినా చిరగలేదటండి. ప్రచారం మొదలవుతోంది, మా వాళ్లకు అలాంటివే కావాలి." గదిలో ఉన్నవన్నీ వ్యానుకెత్తించి, తమ పాత చిరుగులు కూడా రఫూకు పంపుతానన్నాడు.

చివరికి తేలిన లెక్క ఇది. పాలెంలో కుళాయి పడింది, తండ్రి బెంచీ మీదికి మళ్లీ పని వచ్చింది, ఫరూక్‌కు గది ఖాళీ అయింది. చొక్కాలకైతే కొత్త నడక నేర్పాల్సిన పనే పడలేదు.