ఆరేళ్ళుగా కేసులు నిల్

గత ఆరేళ్ళుగా నగరంలో ఒక్క బిడ్డకైనా తట్టు సోకకపోవడాన్ని అంటువ్యాధుల నివారణ శాఖవారు తీవ్రంగా పరిగణించారు. తట్టు పరిశోధనా విభాగానికి పంపిన తాఖీదులో ఈ సంగతిని దాచకుండా రాశారు: "కేసుల పట్టికలో ఆరేళ్ళుగా సున్నాలే కనిపిస్తున్నవి. విభాగము పనిచేయుచున్నట్లు ఎట్టి దాఖలా లేదు. కావున సదరు విభాగమును ఏల మూసివేయరాదో పదిహేను దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

తాఖీదు అందుకున్నావిడ ఆ విభాగానికి అధిపతి. ఊరంతా ఆవిణ్ణి టీకాల డాక్టరమ్మ అంటారు. ఏ జబ్బు ఎక్కణ్ణించి ఎక్కడికి పాకుతోందో లెక్కగట్టి, అది వచ్చేలోగా టీకాను అక్కడికి చేర్చడం ఇరవయ్యారేళ్ళుగా ఆవిడ పని. అందుకోసం పదకొండు దేశాలు తిరిగింది. ఒళ్ళో ఐసుపెట్టె పెట్టుకుని పడవలెక్కింది, గాడిదలెక్కింది, ఇంకేమీ దొరకని రోజున శవపేటికల బండి కూడా ఎక్కింది. ఒక దేశంలో టీకా వేయించుకున్న పిల్లలకే జబ్బు వస్తోందేమిటా అని మూడు నెలలు పరిశోధించి, అక్కడి ఆసుపత్రి ఫ్రిజ్ నిండా పెద్దడాక్టరుగారి కూల్‌డ్రింకులు ఉండటం వల్ల టీకా సీసాలు కిటికీ గూట్లో ఎండ కాగుతున్నాయని కనిపెట్టింది. ఆ పరిశోధనాపత్రాన్ని ప్రపంచమంతా మెచ్చుకుంది. పెద్దడాక్టరుగారు మాత్రం ఆవిడతో మాట్లాడటం మానేశారు.

ఇంట్లో ఈ కీర్తి చెల్లలేదు. అత్తగారి దృష్టిలో డాక్టరంటే చెయ్యి పట్టుకుని చూసి మాత్రలిచ్చే మనిషి. కోడలు కాపురానికొచ్చిన కొత్తలో మోకాళ్ళనొప్పి చెప్పుకుంటే, "నాకు తెలీదత్తయ్యా, ఆసుపత్రికి తీసుకెళ్తా పదండి" అంది. అప్పట్నించీ అత్తగారు ఇరుగుపొరుగుతో, "మా కోడలు డాక్టరేగానీ రోగుల జోలికి పోదు" అని చెబుతోంది. డాక్టరమ్మ ఉద్యోగాన్ని ఇంత కచ్చితంగా ఇంకెవరూ వర్ణించలేదు.

డాక్టరమ్మ సంజాయిషీ రాసింది. టీకాలే లేకపోతే ఈ ఆరేళ్ళలో పదకొండు వేలమంది పిల్లలకు తట్టు వచ్చేదనీ, వారిలో కనీసం ముప్ఫై ఎనిమిది మంది దక్కేవారు కాదనీ లెక్కలతో సహా చూపించింది. వారం తిరక్కుండా జవాబొచ్చింది. ఆ ముప్ఫై ఎనిమిది మంది ఎవరో పేర్లు, చిరునామాలు కావాలన్నారు. "నేను చనిపోవలసిన వాడినే" అని ధ్రువీకరిస్తూ ఒక్కొక్కరి సంతకం జతచేయాలన్నారు. మైనర్ల తరఫున తల్లిదండ్రులు సంతకం చేయవచ్చునని వెసులుబాటు కూడా కల్పించారు. శాఖవారిది జాలిగుండె.

విభాగంలో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న నర్సక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "మేడమ్, ఆ ముప్ఫై ఎనిమిది మంది ఎవరో మనకెలా తెలుస్తుంది?"

"ఎవరొప్పుకుంటే వాళ్ళే. పద, తలుపులు కొడదాం."

మొదటి తలుపు టైలరుది. ఆయన మెళ్ళో టేపు తియ్యకుండానే ఫారం అంతా విన్నాడు. "ఇంతకీ మావాడికి జబ్బెప్పుడు వచ్చిందమ్మా?"

"రాలేదండీ. రాకుండా ఆపాం."

"రాని జబ్బుకి సంతకం పెడితే, రేపు వచ్చినప్పుడు నువ్వేగా ఒప్పుకున్నావంటారు. నా వల్ల కాదు."

రెండో ఇంట్లో రిటైరైన హెడ్మాస్టరుగారు తన మనవళ్ళ ఆరోగ్యానికి కారణం తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానమని తేల్చారు. శాఖవారు ఆ పద్ధతిని గుర్తిస్తూ సర్టిఫికెట్ ఇస్తే సంతకం సంగతి ఆలోచిస్తానన్నారు. వెళ్ళేటప్పుడు ఫారంలో రెండు అక్షరదోషాలు దిద్ది పంపారు.

మూడోది ఒక ఇల్లు కాదు, ఏడంతస్తుల కాలనీ. ఆ కాలనీ సెక్రటరీగారు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించారు, లిఫ్టు పక్కన బిగించిన గాలి శుద్ధి యంత్రాన్ని చూపించారు.

"మావాళ్ళంతా చదువుకున్నవాళ్ళండీ. ఎక్కడా లేని జబ్బుకి సూదెందుకని మూడేళ్ళ కిందటే జనరల్ బాడీలో తీర్మానం చేసేశాం."

డాక్టరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "ఏటా మాకు పంపే కాగితంలో అందరికీ వేయించామని ఉంటుంది కదండీ!"

"అది వాచ్‌మన్ నింపుతాడు. మా రాతపనులన్నీ అతనే చూస్తాడు."

"ఎంతమంది పిల్లలున్నారు?"

"నూట నలభై. ఒక్కడికైనా జబ్బొచ్చిందా, మీరే చెప్పండి!"

"రాలేదు. చుట్టూ ఊరంతా వేయించుకుంది గనక మీదాకా రాలేదు."

సెక్రటరీగారు హాయిగా నవ్వారు. "అయితే ఊరివాళ్ళు చూసుకుంటున్నారుగా! ఇంక మాకెందుకండీ?"

ఈ వాదంలో తప్పు పట్టడానికి డాక్టరమ్మ చాలాసేపు ప్రయత్నించింది. ఆ వారమే శిబిరం పెడతామని బతిమాలింది. అజెండా నిండిపోయిందని, కార్ల పార్కింగ్ సమస్య తేలాక చూద్దామని చెప్పి ఆయన వాళ్ళను గేటుదాకా సాగనంపారు.

సంతకం పెట్టిన మనిషి ఒక్కతే దొరికింది, మూలమీద బేకరీ ఆవిడ. ఆవిడకు కుడిచెవి వినపడదు. ఎడమవైపు నిలబడి రెండుసార్లు చెప్పాక చేతులకంటిన పిండి దులుపుకుంది.

"నాకు ఆరేళ్ళప్పుడు తట్టు వచ్చింది. మా తమ్ముడూ నేనూ ఒకే మంచం మీద పడుకున్నాం. వాడు నాలుగో రోజు పోయాడు. నాకు ఈ చెవి పోయింది. నా మనవరాళ్ళిద్దరూ అలాంటి మంచం ఎక్కలేదమ్మా. ఎక్కడ పెట్టమంటావు సంతకం?"

నర్సక్క మొహం పక్కకు తిప్పుకుని ఐసుపెట్టె మూత ఊరికే తీసి పెట్టింది. ఆ సంతకాన్ని శాఖవారు నిశితంగా పరిశీలించి తిరస్కరించారు. అమ్మమ్మ "తల్లిదండ్రులు" అను నిర్వచనములోనికి రాదు. పోనీ ఆమెనే లెక్కవేయుదమనినచో, ఆమెకు ఇదివరకే వ్యాధి వచ్చియున్నందున రక్షింపబడిన వారి జాబితాకు అనర్హురాలు. మరియు కాగితమునకు పిండి అంటినది.

పదహారో రోజున సమీక్షా సంఘం సమావేశమైంది. అధ్యక్షులవారు ఉపన్యసించారు: "ఈ విభాగం తన అవసరం తనకే లేకుండా చేసుకున్నది! ఇంతటి ఆత్మత్యాగం చరిత్రలో అరుదు. ఆ త్యాగాన్ని గౌరవిస్తూ, వచ్చే ఒకటో తేదీ నుంచి విభాగాన్ని మూసివేయడానికి మనసారా..."

అప్పుడే డాక్టరమ్మ ఫోను మోగింది. పిల్లల ఆసుపత్రి నుంచి. ఏడంతస్తుల కాలనీ కుర్రాడొకడు సెలవులకు విదేశం వెళ్ళొచ్చాడట. నాలుగు రోజులుగా జ్వరం, ఎర్రటి కళ్ళు, ఇవాళ ఒళ్ళంతా దద్దుర్లు. ఆవిడ సంచీ అందుకుని లేచి వెళ్ళిపోయింది. సభామర్యాద పాటించలేదని మినిట్స్‌లో నమోదైంది.

ఇరవై నిమిషాల్లో ఐసుపెట్టెలు కాలనీ క్లబ్బుహాల్లో దిగాయి. సెక్రటరీగారు మెట్లమీదే ఎదురొచ్చారు. ఆయన గొంతు సగానికి సగం తగ్గిపోయింది.

"డాక్టరుగారూ, మా మనవడు నాలుగు రోజుల కిందట ఆ కుర్రాడితో లిఫ్టులో వచ్చాడండీ. ఎంతోసేపు కాదు, మూడో అంతస్తుదాకానే. ఒక్క నిమిషం."

"ఒక్క నిమిషం చాలండీ. సూది వేయించారా?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

"తీర్మానం పెట్టింది మీరేనా?"

"బలపరిచానండీ."

"సరే, ఇప్పుడు ఇంకోటి బలపరచండి. ఒక్కో ఫ్లాటు తలుపు మీరే కొట్టాలి. మీ మాటైతే వింటారు."

ఆయన కొట్టారు. రెండ్రోజుల్లో ఏడంతస్తులూ ఎక్కి దిగారు. లిఫ్టంటేనే భయం పట్టుకుంది పాపం. గాలి శుద్ధి యంత్రం తన ధోరణిలో తాను తిరుగుతూనే ఉంది. అయినా కొంతమంది పిల్లల విషయంలో అప్పటికే ఆలస్యమైపోయింది. రెండు వారాలు తిరిగేసరికి మొత్తం ఇరవై మూడు మందికి తట్టు వచ్చింది. నలుగురికి ఊపిరి అందక ఆక్సిజన్ పెట్టారు. వాళ్ళలో సెక్రటరీగారి మనవడొకడు.

పగలంతా క్లబ్బుహాల్లో సూదుల పని చూసుకుని, సాయంత్రమయ్యేసరికి డాక్టరమ్మ వార్డుకి వచ్చేది. వైద్యం చేసేది వేరేవాళ్ళు. ఆవిడ చేయగలిగింది ఏమీ లేదు. మంచం పక్కన నిలబడి ఆ పిల్లాడి ఊపిరి లెక్కపెట్టేది. నిమిషానికి అరవై. మర్నాడు యాభై ఎనిమిది. లక్షల్లో లెక్కలు కట్టిన మనిషికి ఆ రెండు తగ్గడం మహా సంబరమైపోయింది. అయిదో రోజున వాడు మాస్కు పీకేసి, తన బిస్కెట్ల పొట్లం ఎవరు తీశారని నర్సుతో పోట్లాట పెట్టుకున్నాడు. తాతగారు బెంచీ మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. డాక్టరమ్మ కారిడార్ చివరికెళ్ళి, ఎవరూ చూడకుండా తనూ ఆ పనే చేసింది. ఇరవై మూడు మందీ ఇళ్ళకు చేరారు. కాలనీ గోడ దాటి ఊళ్ళో ఒక్క కేసు కూడా రాలేదు.

ఇక అభినందనలు మొదలయ్యాయి. పత్రికల్లో ఫొటోలు పడ్డాయి. అత్తగారు పేపరు చేతబట్టుకుని, "మా కోడలు ఇప్పుడిప్పుడే రోగుల్ని చూడటం మొదలెట్టింది" అని వీధంతా చెప్పొచ్చారు. శాఖవారు సన్మానసభ ఏర్పాటు చేశారు. అధ్యక్షులవారు మళ్ళీ లేచారు: "ఆరేళ్ళ నిష్క్రియాపరత్వం తర్వాత ఈ విభాగం ఒక్క నెలలో ఇరవై మూడు కేసులు సాధించింది! ఫలితాలంటే ఇవీ! మూసివేత ఉత్తర్వు రద్దు చేస్తున్నాం. రెండు జీపులు మంజూరు చేస్తున్నాం. వచ్చే ఏటికి లక్ష్యం నలభైకి పెంచుతున్నాం!" చప్పట్లు మోగాయి.

"నా లక్ష్యం సున్నా అండీ," అంది డాక్టరమ్మ మైకు ముందు.

"అంత నిరాశ పనికిరాదమ్మా," అని అధ్యక్షులవారు ఆప్యాయంగా భుజం తట్టారు.

ఆవిడ రెండు జీపులూ తీసుకుని పనిలో పడింది. మరుసటి ఏడాది కేసులు నిల్. ఆ తర్వాతి ఏడాదీ నిల్. అప్పుడు కాలనీవారు జనరల్ బాడీ సమావేశం పెట్టి, డాక్టరమ్మను ముఖ్య అతిథిగా పిలిచి ముందువరసలో కూర్చోబెట్టారు. ఆవిడ సేవలను కొనియాడారు. పిమ్మట అజెండాలో నాలుగో అంశానికి వచ్చారు: జబ్బు పూర్తిగా పోయినందున, క్లబ్బుహాల్లో ప్రతినెలా జరిగే టీకా శిబిరం టేబుల్ టెన్నిస్‌కు అడ్డంగా ఉన్నందున, దానిని నిలిపివేయవలెను. సెక్రటరీగారు లేచి వణుకుతున్న గొంతుతో వద్దన్నారు. ఆయనకు వయసు మీదపడిందని అందరూ అర్థం చేసుకున్నారు.

ఓటింగు జరిగింది. కుడిచేతుల్లో టీకప్పులు ఉన్నందున సభ్యులు ఎడమచేతులు ఎత్తారు. చొక్కాల, జాకెట్ల చేతులు కిందికి జారాయి. ఎత్తిన ప్రతి చేతి మీదా, భుజానికి కాస్త దిగువన, కాసంత గుండ్రటి చిన్ననాటి టీకా మచ్చ ఒకటి కనిపించింది డాక్టరమ్మకు. అది ఎప్పుడు వచ్చిందో, ఎవరు వేశారో, దేన్ని ఆపడానికి వేశారో అక్కడ ఒక్కరికీ గుర్తులేదు. ఆవిడ లెక్కపెట్టింది. తీర్మానం నెగ్గింది.

మీకు నవ్వొస్తోంది కదూ. నవ్వండి. కాకపోతే ఒక్కసారి మీ ఎడమ భుజం మీది బట్ట పైకి మడిచి చూసుకుని, ఆ తర్వాత నవ్వండి.