చక్రాల కుర్చీకి మెట్లదారి

నాయకుడు వీధికొస్తే ఒరిగేదేముంది అని పెదవి విరిచేవాళ్లంటే నాకు జాలి. ఒరిగేదేముందా? మా వీధి పోస్టు తాతయ్యను అడగండి!

తాతయ్య ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఊరంతా తిరిగిన కాళ్లు, ఇప్పటికీ కుర్రాళ్లకు అందకుండా నడుస్తాడు. నడవలేనిది ఆయన ఇల్లాలు, మామ్మ. మోకాళ్లు మొరాయించాక మంచం, కిటికీ, అంతే ఆవిడ లోకం. చక్రాల కుర్చీ ఇప్పించమని తాతయ్య సర్కారు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ఎప్పుడడిగినా పై నుంచి రావాలన్నారు.

చివరికి పై నుంచి నాయకుడే దిగొచ్చాడు. కుర్చీలు ఆయన చేతుల మీదుగానే పంచుతారట.

ఆయన వస్తున్నాడన్న కబురుకే వీధి కళ మారిపోయింది. గుంతలు పూడాయి. మురికికాలువ మీద పచ్చటి తివాచీ పడింది. వాసన పాతదే, కానీ కంటికి పచ్చిక! ఎన్నడూ వెలగని వీధిదీపాలు పట్టపగలు వెలిగాయి. పన్ను కట్టేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

సభ రోజు తాతయ్య మామ్మను ఆటో ఎక్కించుకుని బయల్దేరాడు. సగం దారిలోనే పోలీసు ఆపేశాడు. నడవలేని మనిషి ఉందయ్యా అంటే, ఇక్కణ్నుంచి అందరూ నడిచే వెళ్లాలన్నాడు. చట్టం ముందు అందరి కాళ్లూ సమానమే కదా! మామ్మను ఆటోలోనే ఉంచి, మాట్లాడొస్తానని తాతయ్య ముందుకెళ్లాడు.

వెళ్లి చూస్తే వేదిక మనిషెత్తున ఉంది. ఎక్కడానికి నిటారు మెట్లు. నడవలేనివాళ్లు ఆ మెట్లెక్కి వస్తే, వాళ్లు నడవలేరు గనక కుర్చీ ఇస్తారు. ఎంత పకడ్బందీ ఏర్పాటు! అనర్హులు ఒక్కరైనా దూరగలరా?

సభ పనులన్నీ చూసే కార్యకర్తను అందరూ మైకు అంటారు. చేతిలో మైకు లేకపోయినా ఆ గొంతు అంతే. తాతయ్య గోడు విని అతను ఇట్టే తేల్చేశాడు.

"మామ్మ రాలేకపోతే నువ్వు కూర్చో తాతా. ఒకే ఇల్లు కదా, ఫోటోకి ఎవరైతేనేం."

తాతయ్యకు మనసొప్పలేదు. కానీ కుర్చీ ఇంటికి చేరడం ముఖ్యం అనుకుని చకచకా మెట్లెక్కి కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు. మిగతా కుర్చీల్లోనూ మెట్లెక్కగలిగిన వాళ్లే ఉన్నారు.

నాయకుడు వచ్చి తాతయ్య భుజం మీద చెయ్యేశాడు. కుర్చీని కెమెరాల వైపు రెండడుగులు తోశాడు.

"ఈ పెద్దాయన ఏళ్ల తరబడి నేల మీద అడుగు పెట్టలేదు. ఈ రోజు ఈయనకి కాళ్లిచ్చింది మన ప్రభుత్వం."

చప్పట్లు మోగిపోయాయి. పొద్దున తాతయ్యతో బేరమాడిన కూరగాయలావిడ కూడా కొట్టింది. తాతయ్య సిగ్గుతో దుమ్ము పట్టిన చెప్పుల్ని కుర్చీ కిందకి లాక్కున్నాడు.

నాయకుడి కారు కదిలిందో లేదో మైకు వచ్చాడు. కుర్చీలు పక్క వీధి సభకి పోవాలి, దిగమన్నాడు. మీవి తర్వాత వస్తాయన్నాడు. పక్కవాళ్లు ఒక్కొక్కరే లేచి, మోసపోయిన మొహాలతో మెట్లు దిగిపోయారు. తాతయ్యకు ఎండలో ఆటోలో కూర్చున్న మనిషి కళ్ల ముందు మెదిలింది. చక్రాలు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎలా దిగను బాబూ? నా కాళ్లు పనిచేయవు. ఇందాక సారే చెప్పారు కదా."

మైకు నవ్వాడు, బతిమాలాడు, చెవిలో బెదిరించాడు కూడా. వైర్లు చుట్టుకుంటున్న కెమెరావాళ్లు ఏదో గొడవని మళ్లీ ఇటు తిరిగారు. నడవలేని ముసలాయన్ని కుర్చీలోంచి లాగేస్తే సాయంత్రం వార్తల్లో అదే వస్తుంది! మైకు గొంతు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తగ్గింది. కార్యకర్తలు తలో చెయ్యి వేసి, తాతయ్యను కుర్చీతో సహా కిందికి దించారు. కెమెరాలు వెంటపడటంతో ఆటోదాకా తోసుకొచ్చారు కూడా.

అది చూసి మామ్మ ఆటోలోంచి తల బయటపెట్టింది.

"ఇందాక బాగానే వెళ్లారు కదండీ, కాళ్లకేమైంది?"

కెమెరాలు వెనుదిరిగేదాకా ఆగి తాతయ్య లేచి నిలబడ్డాడు. మామ్మను నడుం పట్టి దింపి కుర్చీలో కూర్చోబెట్టాడు. కెమెరాలు ఇంకా కూతవేటు దూరంలోనే ఉన్నాయని చూసుకుని, మైకు పక్క వీధి సభకి దారి పట్టాడు.

కొంత దూరం పోయాక మామ్మ అంది, "రోడ్డు నున్నగా ఉందండీ."

"వానొచ్చేదాకా ఉంటుంది. ఈలోపు తిరిగేద్దాం," అన్నాడు తాతయ్య.

కాబట్టి పాఠకులారా, నాయకుడొస్తే పరిగెత్తండి. మెట్లెక్కండి. కుర్చీ దొరికాక ఎవరెన్ని చెప్పినా దిగకండి. ఈ విద్యలో తాతయ్య కొత్త శిష్యుడు మాత్రమే, గురువులు వేదిక మీదే ఉంటారు. నిజంగా నడవలేనివాళ్లు మాత్రం తొందరపడకుండా ఆటోల్లోనే ఉండండి. ఇదంతా మీకోసమే కదా!