గోరు మందం సామ్రాజ్యం

మధ్యాహ్న మార్తాండుడు రేకుల కప్పులను పెనాల్లా కాల్చుతూ, సమస్త వర్తక ప్రపంచాన్ని కునికిపాట్లలో ముంచిన వేళ, సబ్బుల కొట్టు వెనక వసారాలో మహాసంగ్రామం మొదలైంది.

ఒక పక్షాన పానాధారి, బేరరంగ భయంకరుడు, కొట్టు యజమాని. ఎదుటి పక్షాన తలకిందులుగా నిలబెట్టినా తలవంచని మామగారి పాత ఉక్కు సైకిలు. నడుమ, సబ్బు పెట్టెల బరువు మోయడానికని చవగ్గా కొన్న కొత్త వెనక చక్రం. ఆ చక్రపు ఇరుసు, అది కూర్చోవలసిన ఫ్రేము వెనక కాళ్ల సందు కంటే గోరు మందం వెడల్పు. వాపసు ఇద్దామంటే, 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న శాసనం తన కొట్టు గోడ మీదే వేలాడుతోంది. ధర్మాత్ముడు ఏ మొహంతో వెళ్లగలడు? ఇక ఆ కాళ్లనే ఎడంగా లాగాలి.

"విరుగుతుందేమో బావా," అన్నాడు గడప మీది బావమరిది.

"ఉక్కురా. వంగుతుంది గానీ విరగదు."

"నాకు తొక్కడం నేర్పిన సైకిలది," అంది ఇల్లాలు లోపల్నుంచి. "విరిచారో, రేపట్నుంచి పెట్టెలు మీ నెత్తి మీదే."

ఆ ఘోరశపథానికి లోలోపల కంపించి, పైకి మీసం సవరించి, వీరుడు ఫ్రేము కాళ్ల నడుమ మరచుట్లున్న ఇనుప కడ్డీ దూర్చి, దాని నట్లను బయటికి తిప్పసాగాడు. కాళ్లు విచ్చుకున్నాయి. ఇరుసుకు సరిపడా చోటు కనిపించగానే గర్జించాడు: "ఓ లోహకుల తిలకమా, గోరు మందమే కోరాను. వెంట్రుకవాసి ఎక్కువిచ్చినా నాకు వద్దు!"

నట్లు వదులు చేశాడు. కాళ్లు నిమ్మళంగా పాత చోటికే చేరుకున్నాయి.

"లొంగలేదు బావా, ఆవులించిందంతే."

మళ్లీ తిప్పాడు. మళ్లీ ఆవులించింది. ఇల్లాలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"కావలసినంతే అడిగితే ఎవరిస్తారండీ? కొట్లో మీరు మొదట చెప్పే ధరేమిటి, చివరికి ఇచ్చే ధరేమిటి?"

వీరుడి కళ్లు తెరుచుకున్నాయి. ఇంతసేపూ తను సరుకనుకున్నది, ఎదురుగా కూర్చున్న తన లాంటి వర్తకుడు! ఇక మొహమాటం విడిచి, కావలసిన దానికి నాలుగింతలు లాగాడు. ఉక్కు కిర్రుమంది. ఇల్లాలు కళ్లు మూసుకుంది. నట్లు వదలగానే ఉక్కు కొంత తగ్గించింది, ఇంకొంత తగ్గించింది, కోరిన చోట ఆగింది.

"ఆగండి," అని ఇల్లాలు కుట్టుమిషను దారం తెచ్చి, ఒక కాలి కొస నుంచి ఫ్రేము ముందు గొట్టం చుట్టూ తిప్పి రెండో కాలికి బిగించింది. మధ్య గొట్టానికి రెండు వైపులా సమదూరంలో ఉండాల్సిన దారం ఒకవైపు దగ్గర, ఒకవైపు దూరం. "ఎడమ కాలొక్కటే దారికొచ్చింది. కుడిది ఇంకా బెట్టు చేస్తోంది."

ఎడమదాన్ని కాస్త లోపలికి నెట్టి, కుడిదాన్ని బుజ్జగించి లాగాడు. దారం రెండు వైపులా సమదూరమైంది. చక్రం ఠక్కున కూర్చుంది.

వీరుడు హ్యాండిలు అందుకోబోయేలోపే ఇల్లాలు సైకిలెక్కి వీధి చివరిదాకా తొక్కి వచ్చింది.

"కుదిరింది. పెట్టెలు కట్టండి."

జనులారా, వినండి. ఆనాడు మన దిగ్విజేత జయించిన రాజ్యం గోరు మందం. నేలకొరిగిన వారు లేరు. సబ్బు పెట్టెలు క్యారియరు నధిష్ఠించాయి. వీరశిరస్సు ఖాళీగానే మిగిలింది.