డాబ్నీ మామ్మ చివరి ప్రయాణం

పదకొండింటికి డాబ్నీ మామ్మను ఖననం చేయాలి. శవవాహనం తోలే ప్లక్‌రోజ్‌కు ఆ రోజు ఉన్న పని అదొక్కటే. చర్చి అరమైలు దూరం. “దారిలో కుదుపులు లేకుండా తీసుకెళ్ళు నాయనా,” అని బతికుండగానే మామ్మ అతని చేత ఒట్టు వేయించుకుంది. పదిన్నరకు గుర్రాలను కదిలించాడు.

వీధి మలుపులో రోడ్డుకు అడ్డంగా మనిషెత్తు కాంక్రీటు దిమ్మలు! నిన్న లేవు. జర్మన్లు ఏ క్షణాన వచ్చి దిగుతారోనని ఊరంతా భయపడుతున్న యుద్ధం రోజులవి.

“మేజర్ గారి ఆర్డరు. జర్మన్ ట్యాంకు కూడా దూరలేదు,” అన్నాడు కాపలావాడు గర్వంగా.

“నాది ట్యాంకు కాదయ్యా, శవం బండి! లోపలున్నది ఆ మేజర్ గారి తల్లే!”

“అయితే ఆవిడా దూరలేదు.”

పక్క వీధి నిండా ముళ్ళకంచె. చేసేది లేక తానెప్పుడూ తిరగని కొండ వెనక సందుల్లోకి తిప్పాడు. శత్రువు దారి తప్పాలని అక్కడి దారి పలకలన్నీ పీకేశారు. గంటసేపు తిరిగి, బట్టలారేస్తున్న ఒకావిడను అడిగాడు.

“చర్చికి దారెటమ్మా?”

“ఈ ఊరివాడివే అయితే నన్నెందుకడుగుతావ్?” అని ఆవిడ గూఢచారి, గూఢచారి అంటూ కేకలు పెట్టింది. గడ్డపారలతో ఊరి రక్షకదళం వాలిపోయింది.

“పెట్టె తెరువ్! లోపల తుపాకులున్నాయి!”

ప్లక్‌రోజ్ పెట్టె మీద బోర్లా పడ్డాడు. “నలభై ఏళ్ళుగా ఏ పెట్టీ దారిలో తెరవలేదు. నన్ను చంపి తెరవండి,” అని అరిచాడు.

గూఢచారి దొరికాడన్న కబురు చర్చికి చేరింది. తల్లి కోసం ఎదురుచూస్తున్న మేజర్ డాబ్నీ బంధువులతో సహా పరుగెత్తాడు. జర్మన్లే దిగారనుకుని ఫాదర్ గంట కొట్టాడు. ఆ రోజుల్లో గంట మోగితే శత్రువు వచ్చాడనే అర్థం. క్షణాల్లో ఊరి దారులన్నీ మూతపడ్డాయి.

రొప్పుతూ వచ్చిన మేజర్‌ను అతని మనుషులే ఆపారు.

“సంకేత పదం?”

“నేనురా, మీ మేజర్ని!”

“పొద్దున మీరే చెప్పారు కద్సార్, పదం చెప్పనివాణ్ణి ఎవడైనా సరే పట్టుకోమని.”

తల్లి పోయిన దుఃఖంలో ఆ పదమేదో అతనికి గుర్తు రాలేదు. అతన్నీ తెచ్చి బండి పక్కనే కూర్చోబెట్టారు. దిమ్మలు జరిపే యంత్రం మర్నాటికి గానీ రాదట. మేజర్ పెట్టె మీద చెయ్యి వేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“మా అమ్మని చర్చికెలా చేర్చడమయ్యా?”

ప్లక్‌రోజ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“జర్మన్లు రానీండి సార్. వాళ్ళ దగ్గర మ్యాపు ఉంటుంది.”