పళ్ళ మేస్త్రి చేసిన గుడ్లు

శుక్రవారం ఉదయం ఆరుంబావుకి పళ్ళ మేస్త్రి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పార్కులో కుంట పక్కన, పొద కింద పొదుగుతున్న పెద్దబాతు ఎదుట ఆయన భార్య గొడుగు విప్పి నిలబడాలి. ఆ చాటున ఆయన అసలు గుడ్లు ఆరూ తీసేసి, తాను చేసిన గుడ్లు ఆరు పెట్టాలి. బాతు వాటిమీద కూర్చుని కూర్చుని విసుగెత్తి, పిల్లల ఊసు లేకుండా, మందతో సహా ఎటైనా వెళ్ళిపోవాలి.

మేస్త్రి అన్నది కాలనీవాళ్ళు పెట్టిన పేరు. ఆయన కట్టుడుపళ్ళు తయారుచేస్తాడు. ఇంటి ముందుగదే ఆయన కార్ఖానా. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న ఆ పనిలో ఒక చిత్రమైన బాధ ఉంది. అది ఎంత బాగా కుదిరితే అంతగా కనబడకుండా పోతుంది. ఆ పళ్ళు పెట్టుకున్నవాడు అవి తన సొంతమేనని ముందు లోకాన్ని నమ్మిస్తాడు, ఆ తరువాత తానూ నమ్ముతాడు. ఇక ఆ రహస్యం తెలిసిన మనిషి ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. కాలనీ ప్రెసిడెంటుగారు అందరినీ చూసి నిండుగా నవ్వుతారు, మేస్త్రిని తప్ప.

ఆ ప్రెసిడెంటుగారే నోటీసు అంటించారు. కాలనీలో భరించలేనివి రెండు: బాతులు, మేస్త్రి ఇంట్లో పళ్ళు అరగదీసే మిషను. మిషను సంగతి ఆదివారం ఓటుకి పెడతారట. బాతులకు ఓటు పెట్టినా లాభం లేదు. అవి మొత్తం పద్నాలుగు. పోస్టుమ్యాన్‌ను మూడు సందుల వెంట తరిమాయి. కార్ల మీదికెక్కి కూర్చుని, యజమానులు వస్తే లేవకుండా చూస్తున్నాయి. మిషను ఆగిపోతే మేస్త్రి ఈ వయసులో ఇంకొకరి కార్ఖానాలో, ఇంకొకరి బల్ల దగ్గర కూర్చోవాలి. అందుకే ఎన్నడూ నోరు విప్పని ఆయన, అలాగైనా మిషనుకి ఓట్లు పడతాయేమోనని, కమిటీ ముందు లేచి బాతుల పని తాను చూస్తానన్నాడు. కూర్చున్నాక, ఆ మాట అన్నది ఎవరా అని తనకే అనుమానం వచ్చింది.

ఆరు గుడ్లు చాలు. ఆయన పన్నెండు చేశాడు. మొదటి ఆరింటిలో తెలుపు ఒక పిసరు ఎక్కువైందని తోచింది. పళ్ళ రంగు సరిచూసే పట్టీతో సరిచూసి, మళ్ళీ ప్లాస్టర్ పోసి, బరువుకి లోపల సీసపు గుళ్ళు పెట్టి, పైన గూటి మట్టి మరకలు కూడా వేశాడు. అవి పూర్తయ్యాక మొదటి ఆరింటికీ అలాగే రంగు దిద్దాడు. బాతు గుర్తుపడుతుందా అన్నది కాదు ఆయన సమస్య. తాను గుర్తుపట్టగలడా అన్నది.

గుడ్ల మార్పిడి గొడుగు ఒక్కటి చిరగడంతో ముగిసింది. ఇంటికి రాగానే ఫోను మోగింది. అసలు గుడ్లను సంచిలోంచి తీసి బల్లమీద, మిగిలిన ఉత్తుత్తి ఆరింటి పక్కన పెట్టి, తీసుకొచ్చిన గుడ్లు ప్రెసిడెంటుగారికి అప్పగించి రమ్మని భార్యకు చెప్పి ఆయన లోపలికి వెళ్ళాడు. సాక్ష్యంగా చూపించాలని ప్రెసిడెంటుగారు ముందే అడిగి ఉన్నారు.

భార్య బల్ల ముందు నిలబడి ఆలోచించింది. అటు ఆరు, ఇటు ఆరు, ఒకే రంగు, ఒకే మట్టి. చేత్తో తడిమి చూసింది. ఒక వైపువి వెచ్చగా ఉన్నాయి. ఆమె తలాడించి, వెచ్చటివాటిని ప్లాస్టర్ ఆరబెట్టే పెట్టెలో సర్ది, చల్లటివాటిని ప్రెసిడెంటుగారికి ఇచ్చి వచ్చింది.

శనివారమంతా మేస్త్రి మిషను ఆపలేదు. ఇదే చివరి రోజు కావచ్చునని, చేసిస్తానని ఒప్పుకున్న పళ్ళన్నీ అరగదీస్తూ కూర్చున్నాడు. మనసులో భయం ఉండాల్సిన చోట ఏదో తేలిక. వేళ్ళు పనిలో ఉంటే మనసు వాటి వెనక హాయిగా నిద్రపోతుందని ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఆదివారం ఎనిమిదింటికి వెనక తలుపు తట్టిన చప్పుడైంది. ప్రెసిడెంటుగారు. నోటికి రుమాలు అడ్డం. ఒక్క మాట మాట్లాడకుండా లోపలికొచ్చి, సమావేశం నోటీసు వెనక రాసి చూపించారు: "గుడ్డు కొరికాను. రెండు గంటలు ఉడికించాను. పెంకు రాలేదు." తర్వాత జేబులోంచి పొట్లం విప్పారు. పై వరస పళ్ళు నడిమికి రెండు ముక్కలు.

మేస్త్రికి మొదట కలిగింది భయం కాదు, గర్వం. గర్వానికి సిగ్గుపడి, ఆ ముక్కల్ని వెలుగులోకి పట్టాడు. పంటి సందులో తెల్లటి పొడి. వేలితో నలిపి చూశాడు. తన ప్లాస్టరే.

"అన్నయ్యగారికి ఏ గుడ్లిచ్చావే?" అన్నాడు భార్యతో, వీలైనంత మెల్లగా.

"చల్లగా ఉన్నవి," అందామె. "మనింట్లో వెచ్చగా ఉండేవి మీరు చేసినవేగా. పెట్టెలోంచి తీసినవి ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయి."

అందులో తప్పెక్కడుందో ఆయనకు దొరకలేదు. దొరికేలోగా పెట్టెలో ఏదో కూసింది.

తలుపు తీశాడు. పెంకుల మధ్య ఆరు తడి పిల్లలు, ఆరు మెడలు చాపి ఆయన ముఖంలోకి చూశాయి. చూసి, తమ వెతుకులాట ముగిసిందన్నట్టు ఒక్కసారిగా అరిచాయి. పార్కులోంచి జవాబు వచ్చింది. అర నిమిషంలో పదమూడు బాతులు మెట్లమీద నిలబడి, తలుపు మీద ముక్కులతో కొడుతూ కేకలు. సమావేశానికి కుర్చీలు వేస్తున్న జనం చెవులు మూసుకుంటూ గేటు దగ్గరికి చేరారు.

రాని పద్నాలుగోది తల్లిబాతు. అది మేస్త్రి చేసిన గుడ్ల మీంచి లేవలేదు. వెనక కిటికీలోంచి పొద కింద దాన్ని చూసి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఇరవై ఆరేళ్ళలో తన పనిని ఇంతగా నమ్మి, ఆ నమ్మకం నలుగురిలో చూపించిన ప్రాణి అదొక్కటే.

ప్రెసిడెంటుగారు గడియారం చూపించి, నోరు చూపించి, రెండు చేతులూ జోడించారు. మేస్త్రి ముక్కలు అతికించి, అవి గట్టిపడ్డాక అరగదీయడానికి మిషను వేశాడు. జుయ్ మనగానే పిల్లలు అరుపు మానాయి. ఒక్కొక్కటే ఆయన పాదాల మీదికెక్కి, మెడ వాల్చి నిద్రపోయాయి. పెట్టెలో గుడ్లుగా ఉన్న రెండు రోజులూ వాటికి వినబడిన లాలి ఆ ఒక్కటే. పిల్లలు సద్దుమణగగానే బయట పెద్దవీ ఊరుకుని మెట్లమీదే చతికిలబడ్డాయి. మిషను రొద తప్ప, వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం చాలా కాలంగా ఎవరూ ఎరగరు.

మేస్త్రి పళ్ళు సరిచూడటానికి మిషను ఆపాడు. మళ్ళీ రభస. వేశాడు. నిశ్శబ్దం. మూడోసారి ఆపబోతుంటే కిటికీ దగ్గరికి ఎదురింటి నర్సమ్మ వచ్చింది. నైట్ డ్యూటీ చేసి పగలు నిద్రపోవాలంటే ఈ మిషనుతో చస్తున్నానని మొదటి ఫిర్యాదు రాసిందీ ఆమే.

"మేస్త్రిగారూ, మీకు పుణ్యముంటుంది," అంది. "దాన్ని ఆపకండి."

ఓటు గేటు దగ్గరే జరిగింది. ఒక్కరు కూడా మిషను వద్దనలేదు. ప్రెసిడెంటుగారి మాట కోసం అందరూ చూస్తున్నప్పుడు ఆయన ముందుగదిలోంచి కొత్తగా అతికిన పళ్ళతో బయటికి రాబోయారు. గడప దాటబోయే ముందు ఆగి, మేస్త్రి చెవిలో అడిగారు.

"ఎవరికీ చెప్పలేదుగా?"

"ఏదండీ?"

"అదే."

"గుడ్ల సంగతి తప్ప నాకేమీ తెలియదండీ."

ప్రెసిడెంటుగారు ఆయన ముఖంలోకి నేరుగా చూసి నిండుగా నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు, నవ్వుతూనే కింది వరసలో ఎడమవైపు ఒక వెంట్రుకవాసి అరగదీయాలని గమనించాడు. ఆ సంగతి చెప్పకపోవడంలో ఉన్న సుఖం ఆయనకు కొత్త.

తీర్మానం ఆ మధ్యాహ్నమే బోర్డు మీదికెక్కింది. బాతుపిల్లలకు ఊహ తెలిసేవరకు, పొద్దున్న ఆరు నుంచి చీకటిపడే దాకా మేస్త్రి మిషను నడపాలి. కమిటీ అనుమతి లేకుండా ఆపరాదు. నాలుగో రోజున భార్య చెల్లెలింటికి వెళ్ళొద్దామంది. ఆమె కొత్త గొడుగుతో, ఆయన ఆరు పిల్లలతో గుమ్మం దాకా వచ్చి, మిషను ఆగిందని వీధిలో తలుపులన్నీ ఒకేసారి తెరుచుకోవడం చూసి వెనక్కి తిరిగారు. ఆ సాయంత్రమే ఒక పూట సెలవు కోరుతూ మేస్త్రి అర్జీ పెట్టుకున్నాడు.

తగిన కారణం చూపలేదని అర్జీ వెనక్కి వచ్చింది.