మేకపిల్లకు వించ్ బిగించారు

ఆ ఆదివారం పొద్దున పశువుల డాక్టరమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. జీపు ముందు బంపరుకు కొత్తగా వించ్ బిగించారు. బండి బురదలో దిగబడితే ఏ చెట్టుకో తాడు కట్టి, తనను తానే లాక్కునే మోటారు అది. దాని ఉక్కుతాడును ఒకసారి బరువు లాగిస్తూ బిగువుగా చుట్టించాలి, లేకపోతే తర్వాత చిక్కుపడుతుంది.

జీపు పాతది, చిన్నది, నాలుగు చక్రాలూ లాగే రకం. ఇంట్లో దాని పేరు మేకపిల్ల. కొండ మీది పశువుల పాకలకు అది తప్ప ఏదీ ఎక్కదు. స్ప్రింగులు మార్చినప్పుడు ఒకసారి, టైర్లు మార్చినప్పుడు ఒకసారి ఇంట్లో యుద్ధమైంది. చివరికి బ్యాంకు క్యాషియరైన ఆమె భర్త షరతు పెట్టాడు: బండి ఇంకొక్క గొడవ చేస్తే దాన్ని అమ్మేయాలి. ఆమె సరేనంది. గొడవ ఎలాగూ జరుగుతుందన్న నమ్మకంతో అతను తన మేనేజరును ఆ రోజే బండి చూడటానికి రమ్మన్నాడు.

"మీ మేనేజరు వస్తే కాఫీ ఇస్తాను. తాళాలు మాత్రం ఇవ్వను," అంది డాక్టరమ్మ.

"మాటిచ్చావు."

"మాట మీదే ఉన్నా. గొడవేదీ, చూపించండి. కడుపులో దూడ అడ్డం తిరిగితే కొండ మీదికి మీ బ్యాంకు కారు వస్తుందా?"

ఆమె తాడు చివరి కొక్కేన్ని గేటు స్తంభానికి తగిలించి, వీధిలో ఉన్న బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ తీసేసింది. మీట నొక్కితే జీపే స్తంభం వైపు రావాలి. తాడు తెగి మొహాన కొట్టకుండా దాని మీద పాత దుప్పటి వేసి, చేతి తొడుగుల కోసం లోపలికి వెళ్ళింది.

అత్తగారు బయటికొచ్చి తాడునూ దుప్పటినీ చూసింది. కోడలు ఇన్నాళ్ళకు ఇంటికి పనికొచ్చే పని చేసిందని సంతోషించి, బకెట్‌లోని దుప్పట్లన్నీ వరసగా ఆరేసింది.

తర్వాత క్యాషియరు వచ్చాడు. వీధి వాలుగా ఉంది, బండికి బ్రేకు లేదు. ముట్టుకున్నట్టు తెలిస్తే ఆమె ఊరుకోదు. చప్పుడు చేయకుండా బ్రేకు లాగి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, వెళ్ళి పేపరు చదువుకున్నాడు.

"అత్తయ్యా! అది బట్టలారేసే తాడు కాదు!" తొడుగులు వేసుకొచ్చిన డాక్టరమ్మ అరిచింది.

"కాసేపు ఆరనీ తల్లీ, దాని సొమ్మేం పోయింది?"

తాడు మీద బరువుంటే మంచిదేలే అనుకుంది డాక్టరమ్మ. దుప్పట్లకు ఇవతల నిలబడి మీట నొక్కింది. అవతల స్తంభం కనబడదు, కింద ఇటుకలూ కనబడవు. మోటారు మూలిగింది. జీపు కదల్లేదు. కొత్త మోటారు కదా, బిగుసుకుందనుకుని ఇంకా నొక్కింది. అవతల ఏదో పెళపెళమంది. స్తంభం గేటుతో సహా వీధిలో పడింది. దాన్ని ఆనుకున్న నీళ్ళ గొట్టం పగిలింది. రోడ్డు పక్క మట్టి బురదయ్యేసరికి మేనేజరు వచ్చాడు. గేటును తప్పించబోయి పొడవాటి కారును బురదలోకి దింపాడు.

క్యాషియరు పరుగెత్తుకొచ్చాడు. "గొడవ చూపించమన్నావుగా! కళ్ళారా చూడు. తాళాలు ఇలా తే!"

"ఆగండి. ముందు మీ సారుని ఒడ్డున పడేయనివ్వండి."

ఆమె కొక్కేన్ని కారుకు తగిలించి, జీపు కదలకుండా బ్రేకు వేయబోయింది. వేసే ఉంది. చక్రాలకు ఇటుకలూ ఉన్నాయి. ముందు కారును రోడ్డెక్కించింది. అప్పుడు అడిగింది: "బ్రేకు వేసిందెవరు?"

క్యాషియరు ఆకాశం వైపు చూశాడు.

"ఇటుకలు మోసింది నువ్వేగా నాయనా," అంది అత్తగారు. "కిటికీలోంచి చూశా."

"జారిపోతుందని..."

"విన్నారా సార్," డాక్టరమ్మ మేనేజరు వైపు తిరిగింది. "గొడవ చేసినదాన్ని అమ్మాలని మా షరతు. బండి చెప్పిన పని చేసింది. గొడవ చేసింది ఈయన."

తన కారు బురదలోంచి ఎలా వచ్చిందో కళ్ళారా చూసిన మేనేజరు, జీపునూ క్యాషియరునూ మార్చి మార్చి చూశాడు. "నాకు బండొక్కటి చాలమ్మా," అన్నాడు.

"అది అమ్మకానికి లేదండీ."

రెండోదాని సంగతి ఆమె చెప్పలేదు.