అందరికీ ఒకే బోర్డు

ఎంత పెద్ద అల మీదికైనా ఏ బోర్డు పట్టుకెళ్లినా ఒకటేనని కనిపెట్టిన మహానుభావుడికి మనమంతా చేతులెత్తి మొక్కాలి. ఆయన మా చెల్లెలు పనిచేసే సర్ఫింగ్ స్కూలు మేనేజరు.

అంతకుముందు ఆ స్కూలు షెడ్డులో నానా రకాల బోర్డులుండేవి. చిన్న అలలకు పొట్టివి, వెడల్పువి. విరుచుకుపడే అలలకు పొడుగ్గా, సన్నగా, ముక్కు పైకి తిరిగి, తోక మొనదేలినవి. చూసేవాళ్లకు చిరాకు కాదా? మేనేజరు అన్నిటినీ వదిలించుకుని, ఒకే కొలతలో, ఒకే రంగులో వెడల్పాటి పీటల్లాంటివి తెప్పించాడు. షెడ్డుకు ఎంత కళ వచ్చిందో చెప్పలేను. ఫొటోలో మరీనూ!

అక్కడ పాఠాలు చెప్పే మా చెల్లెలికి నోరు ఊరుకోదు.

"సార్, పెద్ద అల మీద ఈ వెడల్పు తోకకి పట్టు దొరకదు, జారిపోతుంది. ముక్కు చదునుగా ఉంది కదా, కిందికి దిగేటప్పుడు నీళ్లలో గుచ్చుకుంటుంది" అంది.

"నీ బోర్డు షేపు అలకేం తెలుసమ్మా?" అన్నాడు మేనేజరు.

నిజమే కదా. అల ఏమైనా చదువుకుందా?

తుఫాను వెళ్లిన మర్నాడు అలలు మేడంత ఎత్తు లేచాయి. ఈత కొడుతున్న ఒకాయన లోపలికి కొట్టుకుపోతుంటే చెల్లెలు పీట మీద వెళ్లి పట్టుకుంది. ఆయన్ని ముందు పడుకోబెట్టుకుని ఒడ్డుకు తిరిగింది. వెనక అల లేచింది. తోక జారింది, ముక్కు గుచ్చుకుంది, ఇద్దరూ గిరికీలు కొట్టారు. ఆయన దగ్గుకుంటూ ఒడ్డున పడ్డాడు. చెల్లెలి భుజం కీలు తప్పింది.

ఇందులో నష్టమేముంది? ఎప్పుడూ ఇంటిపట్టున ఉండని పిల్ల ఇప్పుడు మంచం దిగడం లేదు. అమ్మ జడ వేస్తోంది, ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. సన్న బోర్డుంటే ఇంత భోగం దక్కేదా?

రాత్రిళ్లు నొప్పికి మూలుగుతుంది గానీ, అది వేరే సంగతి.

మొన్న మేనేజరు చూడటానికి వచ్చాడు.

"బోర్డు తప్పేం లేదమ్మా. నీ బ్యాలెన్సే కాస్త తప్పింది" అన్నాడు.

చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంది. నేనే మర్యాదగా కలగజేసుకున్నాను.

"మీరన్నదే నిజమండీ. రేపు మళ్లీ పెద్ద అలలు వస్తాయట. అదే బోర్డు మీద మీరొకసారి ఎక్కి చూపించారంటే మావాళ్ల నోళ్లు మూతపడతాయి."

"నేనా?" అని ఆయన కుర్చీలోంచి లేచాడు. "పెళ్లాం పిల్లలు గలవాణ్ణండీ."

మా చెల్లెలికి ఇంకా పెళ్లి కాలేదు. ఆ లెక్కన బోర్డు ఆమెకు సరిగ్గా సరిపోయినట్టే.